పౌలు చావడానికి సిద్ధపడ్డాడు, నువ్వెందుకు ఏడుస్తావంటున్నాడు మా అబ్బాయి

ఈసారి ఉత్తరం గుంటూరు జిల్లా నుంచి ఒక అమ్మ రాసింది. పేరు వేయొద్దన్నారు. చాలా పేజీలున్నాయి కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు, రిటైర్మెంటు దగ్గర పడింది. భర్త మూడేళ్ల కిందట పోయారు. కిడ్నీలు పాడై ఏడాదిన్నర డయాలసిస్ మీద ఉన్నారు. వారంలో రెండు రోజులు ఆయన్ని ఆసుపత్రికి తిప్పిందీ, చివరి నెలల్లో మంచం పక్కన రాత్రుళ్లు మేలుకుందీ కొడుకే. అతనికిప్పుడు ఇరవై ఆరు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురు బీఎడ్ చదువుతోంది, సంబంధాలు చూస్తున్నారు. ఇల్లు కట్టిన అప్పు తల్లీకొడుకుల ఇద్దరి పేరు మీదా ఉంది.

తాతల నాటి నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. కిందటేడు ఒక యూత్ క్యాంపులో తనకు పిలుపు వచ్చిందని అబ్బాయి చెప్పాడు. వేసవిలో ఇద్దరు స్నేహితులతో ఒడిశా వైపు వెళ్లి ఒక సంతలో కరపత్రాలు పంచుతుంటే కొందరు పట్టుకుని కొట్టారు. పెదవి చిట్లింది, ఫోను పగిలింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతున్నప్పుడు వాడి ముఖం వెలిగిపోయిందని రాశారు ఆ తల్లి. "అమ్మా, ప్రభువు శ్రమల్లో నాకూ భాగం దొరికింది" అన్నాడట. ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. వచ్చే నెలలో మళ్లీ అక్కడికే, ఈసారి ఎప్పుడొస్తాడో చెప్పకుండా, పూర్తికాల సేవకు వెళ్తాడు. పంపే సంఘం లేదు, సంస్థ లేదు. అక్కడి భాష రాదు. ఆరోగ్య బీమా అవిశ్వాసమన్నాడు. ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తే మనసు వెనక్కి లాగుతుంది కాబట్టి ఫోను కూడా వదిలేస్తానన్నాడు. ఆవిడ ఏడిస్తే బైబిల్లో, తొలి క్రైస్తవ ప్రచారకుల కథ చెప్పే అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం తీసి చదివి వినిపించాడు: ఏడ్చి నా గుండె ఎందుకు బద్దలు చేస్తారు, నేను బంధింపబడటానికే కాదు, చనిపోవడానికీ సిద్ధమే అని పౌలు చెప్పిన చోటు. పాస్టరు గారిని అడిగితే "హన్నా తన కొడుకు సమూయేలును దేవుడికి అర్పించలేదా అమ్మా" అన్నారు.

ఆవిడ మూడు ప్రశ్నలు వేశారు. ఆపితే దేవుడికి అడ్డుపడ్డట్టేనా? ఆపకపోతే కొడుకుని చేజేతులా పోగొట్టుకున్నట్టేనా? అసలు వీడు పౌలు నడిచిన దారిలోనే ఉన్నాడా?

అమ్మా,

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ కొంత తేలికవుతాయి.

ముందుగా, మీ అబ్బాయి చదివింది నిజమైన వాక్యమే. దాన్ని పలచన చేసి మిమ్మల్ని ఓదార్చను. పౌలు ఆ మాట ఊరికే అనలేదు. క్రీస్తు శకం 57 ప్రాంతంలో యెరూషలేముకు పోతూ కైసరయలో ఫిలిప్పు ఇంట్లో దిగాడు. యూదయ నుంచి అగబు అనే ప్రవక్త వచ్చి, పౌలు నడికట్టు తీసుకుని, తన చేతులూ కాళ్లూ కట్టేసుకుని, ఈ నడికట్టుగలవాణ్ణి అక్కడ ఇలాగే బంధిస్తారని చెప్పాడు. ఇంట్లో ఉన్నవాళ్లంతా వెళ్లొద్దని బతిమాలారు. రాస్తున్న లూకా "మేము" అంటాడు, అంటే బతిమాలినవాళ్లలో ఆయనా ఉన్నాడు. పౌలు వినలేదు. చివరికి వాళ్లు "ప్రభువు చిత్తము జరుగును గాక" అని ఊరుకున్నారు.

మీ అబ్బాయి ఇక్కడితో పుస్తకం మూసేశాడు. ఆ ప్రయాణం ఎందుకో అతను మీకు చెప్పినట్టు లేదు. పౌలు చేతిలో డబ్బుంది. మాసిదోనియ, అకయ సంఘాలవాళ్లు యెరూషలేములోని బీదల కోసం కూడబెట్టి ఇచ్చిన చందా అది. తెచ్చి అప్పజెబుతానని మాటిచ్చాడు కాబట్టి వెళ్లాడు. దెబ్బలు ఆ దారిలో ఎదురుచూస్తున్నాయి, అంతే. ఆ ప్రయాణానికి కొంచెం ముందు కొరింథులో ఉండగా రోమా సంఘానికి రాసిన ఉత్తరం చివర, 15వ అధ్యాయంలో, ఇదే ప్రయాణం గురించి ఒక మనవి చేసుకున్నాడు: యూదయలో అవిశ్వాసుల చేతుల్లోంచి నేను తప్పించబడేలా నా కోసం దేవుడికి ప్రార్థన చేయండి, నాతో కలిసి పోరాడండి అని. ఒకే మనిషి, ఒకే ప్రయాణం. చావడానికి సిద్ధమే అన్న నోటితోనే, నేను బతికి బయటపడాలని ప్రార్థించండి అని కూడా అడిగాడు. ఈ రెండు చోట్లూ పక్కపక్కన పెట్టి మీ అబ్బాయిని చదవమనండి. వాదించకండి, చదవమనండి చాలు.

పౌలు పడ్డ బాధల పట్టిక కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. మీకు కంఠస్థమే అయ్యుంటుంది. యూదుల చేత ఐదుసార్లు నలభైకి ఒకటి తక్కువ దెబ్బలు, మూడుసార్లు బెత్తాలు, ఒకసారి రాళ్లు, మూడుసార్లు ఓడ పగిలింది, ఒక రాత్రీ పగలూ సముద్రంలో. ఆ పట్టిక చెబుతున్నంతసేపూ, నేను అవివేకిలా మాట్లాడుతున్నాను అంటూనే ఉంటాడు. కొరింథులో కొందరు తామే గొప్ప అపొస్తలులమని చెప్పుకుంటుంటే గతిలేక నోరు విప్పాడు. చివర ఏం చెప్పాడో గుర్తుందా? దమస్కులో నన్ను పట్టుకోవడానికి అధికారి కాపలా పెడితే, గోడలో ఉన్న కిటికీలోంచి గంపలో నన్ను కిందికి దించారు, తప్పించుకున్నాను అని. బాధల చిట్టాకి ముగింపుగా గంపలో కూర్చుని పారిపోయిన సంగతి! వీరగాథ రాయాలనుకున్నవాడు ఆ కిటికీ సంగతి దాచిపెట్టేవాడు.

ఆ ముప్పై తొమ్మిది దెబ్బల గురించి ఒక్క మాట. అవి యూదుల ప్రార్థనా స్థలమైన సమాజమందిరంలో వేసే శిక్ష. తప్పించుకోవడం తేలిక: తనవాళ్లతో తెగతెంపులు చేసుకుని ఆ గడప తొక్కకుండా ఉంటే ఎవరూ కొట్టరు. పౌలు తెంచుకోలేదు. ఐదుసార్లు తిన్నాడంటే ఐదుసార్లూ తన జనంలోనే ఉన్నాడు. మీ అబ్బాయి ఫోను వదిలేసి, అమ్మనీ చెల్లినీ తెంచుకుని వెళ్తే తప్ప సేవ కుదరదంటున్నాడు. దానికి పౌలు జీవితంలో ఆధారం నాకు కనిపించలేదు. రోమీయులకు రాసిన ఉత్తరం చివర వందనాలు చెబుతూ రూఫు అనే విశ్వాసి తల్లిని తలుచుకుని, ఆమె నాకూ తల్లే అన్నాడు.

పౌలుకు చట్టం కూడా తెలుసు, వాడుకున్నాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి చెరలో వేశారు. తెల్లారి న్యాయాధిపతులు చల్లగా పంపించేయమంటే కదలనన్నాడు. రోమీయులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టి ఇప్పుడు రహస్యంగా పంపుతారా, వాళ్లే వచ్చి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకోవలసి వచ్చింది. యెరూషలేములో కొరడాలతో కొట్టడానికి వారులతో కట్టేస్తుంటే, శిక్ష పడని రోమా పౌరుణ్ణి కొట్టడం మీకు న్యాయమా అని పక్కనున్న శతాధిపతిని అడిగాడు. అక్కడితో కొరడా ఆగింది. నలభై మందికి పైగా మనుషులు, పౌలును చంపేదాకా అన్నం నీళ్లు ముట్టం అని ఒట్టు పెట్టుకున్నప్పుడు ఆ కుట్ర కనిపెట్టింది ఎవరు? పౌలు అక్కచెల్లెళ్లలో ఒకామె కొడుకు. ఆ మేనల్లుడు కోటలోకి వచ్చి చెబితే పౌలు, దేవుడే చూసుకుంటాడులే అని కూర్చోలేదు. వెంటనే ఒక శతాధిపతిని పిలిచి, ఈ కుర్రాణ్ణి సహస్రాధిపతి దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. ఆ రాత్రి రెండు వందల మంది సైనికులు, డెబ్బై మంది గుర్రపురౌతులు, రెండు వందల మంది ఈటెలవాళ్ల కాపలాతో కైసరయకు బయలుదేరాడు. తోబుట్టువు ఇంట్లోవాళ్లకి తన ఆచూకీ తెలియబట్టే బతికాడు. చెల్లెలికి నంబరు ఇవ్వనంటున్న అబ్బాయికి ఈ 23వ అధ్యాయం మీరు కాదు, ఆ చెల్లే చదివి వినిపిస్తే బాగుంటుంది.

పౌలు సుఖం వెతుక్కున్నాడని ఈ మాటలకి అర్థం కాదు. లుస్త్రలో రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చి పారేస్తే, లేచి అదే ఊళ్లోకి నడిచాడు. కొన్నాళ్లకి మళ్లీ అక్కడికే వచ్చాడు. అలాంటి గుండె మీ అబ్బాయిలో ఉండొచ్చు, లేదని నేనెలా అంటాను? నాకు తేడా కనిపిస్తున్నది ఇంకో చోట. పౌలు దెబ్బలు తిన్న ప్రతిసారీ పని మీద ఉన్నాడు, ఆ పని ఫలానా అని చెప్పగలం. మీ ఉత్తరంలో అబ్బాయి అక్కడ చేయబోయే పని గురించి ఒక్క ముక్క లేదు. పడబోయే బాధ గురించి మాత్రం పేజీలున్నాయి.

మొదటి తరాల క్రైస్తవులకు ఈ ప్రమాదం తెలుసు. 155 ప్రాంతంలో స్ముర్నలో, అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్‌లో, పోలికార్పు అనే వృద్ధ బిషప్పును చంపారు. ఆ సంఘంవాళ్లు జరిగిందంతా ఇంకో సంఘానికి ఉత్తరంగా రాశారు. అందులో క్వింటస్ అనే ఒకతని కథ ఉంది. ఫ్రుగియ నుంచి వచ్చినవాడు, ఎవరూ పిలవకుండా తనంతట తాను ముందుకొచ్చి, మరికొందరినీ ఎగదోసి, తీరా క్రూరమృగాలను చూసి బెదిరిపోయి, అధికారి చెప్పినట్టల్లా ప్రమాణం చేసి బలి అర్పించాడు. అందుకే తమంతట తాము అప్పగించుకునేవాళ్లను మేం మెచ్చుకోం, సువార్త అలా నేర్పలేదు అని ఆ ఉత్తరం తేల్చి చెప్పింది. పోలికార్పు ఏం చేశాడు? పట్నంలోనే ఉంటానన్నాడు మొదట. చాలామంది నచ్చజెబితే విని, ఊరి బయట ఒక తోటకు వెళ్లాడు. అక్కడికీ వస్తున్నారంటే ఇంకో చోటికి మారాడు. ఇక పట్టుబడ్డాక మాత్రం పరుగెత్తలేదు. దేవుని చిత్తం జరగనీ అని, పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు భోజనం పెట్టించి, ప్రార్థనకు కొంత సమయం అడిగాడు. నన్నడిగితే పౌలుకు అసలైన శిష్యుడు ఆయనే, క్వింటస్ కాదు.

మీ అబ్బాయి చదువుకున్నవాడు కాబట్టి ఇగ్నేషియస్ పేరు ఎత్తొచ్చు. అంతియొకయ బిషప్పు, రెండో శతాబ్దం మొదట్లోవాడు. నన్ను విడిపించే ప్రయత్నం చేయకండి, మృగాలకు ఆహారం కానివ్వండి అని రోమాకు రాశాడు. నిజమే, ఆ ఉత్తరంలో చావు మీద ఒక దాహం కనిపిస్తుంది, చదువుతుంటే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆ రాసేవేళకి ఆయన శిక్ష పడినవాడు, పదిమంది సైనికుల మధ్య సంకెళ్లతో రోమాకు నడుస్తున్నవాడు. దాన్ని తీసుకొచ్చి, టికెట్టు ఇంకా బుక్ చేసుకోని ఇరవై ఆరేళ్లవాడి మీద పెట్టలేం.

ఇప్పుడు మీరు ఉత్తరం మధ్యలో రాసి దాటేసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. "నాన్నలా మంచం మీద కొంచెం కొంచెంగా పోవడం కన్నా అలా పోవడం మేలు కదమ్మా" అన్నాడని రాశారు. వెంటనే ఇంటి అప్పు సంగతిలోకి వెళ్లిపోయారు. నాకైతే ఈ ఉత్తరం మొత్తంలో బరువైన మాట అదే. ఏడాదిన్నరపాటు తండ్రి కరిగిపోవడం కళ్లారా చూసిన కుర్రాడు అతను. ఆ చావుకి అర్థం దొరకలేదు. దెబ్బ తిన్నరోజు ముఖం వెలిగిందంటే, ఇన్నాళ్లకి ఒక నొప్పికి అర్థం దొరికిందని కావచ్చు. పైగా ఆదివారం చప్పట్లు. ఇది నా ఊహ, తప్పయ్యుండొచ్చు. కానీ పిలుపు నిజమైనా సరే, దాని అడుగున తీరని దుఃఖం ఉంటే రెండూ ఒకదాన్నొకటి మోసుకుపోతాయి. నాన్న గురించి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారా? దైవచిత్తం ఊసు ఎత్తకుండా, ఆ రాత్రుళ్ల గురించి, ఆ ఆసుపత్రి గురించి? ఒకసారి మాట్లాడండి. ఆ మాటల్లో చావు మీద కోరిక లాంటిది మీకు తగిలితే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి మీరైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుణ్ణి కలవడం అవిశ్వాసం అని అతనంటే, పౌలు పక్కన లూకా ఎందుకున్నాడో గుర్తు చేయండి. ప్రియమైన వైద్యుడు అని రాసింది పౌలే.

బీమా సంగతి కూడా ఇలాంటిదే. తిమోతికి రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయంలో, నేను వెడలిపోయే కాలం సమీపించింది అంటాడు పౌలు. కొన్ని వచనాల తర్వాత, త్రోయలో వదిలేసిన అంగీ తీసుకురా, చలికాలం రాకముందే వచ్చేయ్ అంటాడు. పోయే ముందు కూడా ఒంటికి చలి వేస్తుందని ఆయనకు తెలుసు.

ఇక ఏం చేయాలి అన్నది.

గట్టిగా పట్టుబట్టి ఆపడం ఒకటుంది. అన్నం మానేయడం, చెల్లి పెళ్లి అడ్డం పెట్టడం, మీ నాన్న ఉంటే ఇలా చేసేవాడివా అనడం. అమ్మలకి ఈ విద్యలు నేర్పాల్సిన పని లేదు. పనిచేయొచ్చు కూడా. అయితే అతను తలకెక్కించుకున్న కథలో మీ ఏడుపు ముందే రాసి ఉంది. మీరు ఎంత ఏడిస్తే తాను అంత సరైన దారిలో ఉన్నట్టు లెక్క. ఆగిపోయినా, ఆగిన ప్రతి సంవత్సరం మీ ఖాతాలోనే వేస్తాడు. లేదా చెప్పకుండా వెళ్తాడు, అప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు.

అలాగని ఇక్కడ ఒక తల్లి కథ చెప్పకుండా ఉండలేను. 202లో అలెగ్జాండ్రియాలో లియోనిడెస్ అనే ఆయన్ని విశ్వాసం కోసం ఖైదు చేశారు. పదిహేడేళ్లు నిండని పెద్దకొడుకు ఓరిజెన్, నేనూ వెళ్లి అప్పగించుకుంటాను అని బయలుదేరాడు. తల్లి బతిమాలింది, వినలేదు. అప్పుడామె అతని బట్టలన్నీ దాచేసింది! వీధిలోకి వెళ్లలేక ఇంట్లోనే ఉండిపోయి, మా కోసం మీ మనసు మార్చుకోకండి అని తండ్రికి ఉత్తరం రాశాడు. నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యుసేబియస్ రాసిన సంగతి ఇది. తండ్రిని చంపారు, ఆస్తి జప్తు చేశారు, ఇంట్లో ఇంకా ఆరుగురు తమ్ముళ్లు. ఓరిజెన్ పిల్లలకు చదువు చెప్పి సంపాదించాడు, ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు బోధించాడు, రాశాడు. 250లో డెసియస్ చక్రవర్తి కాలపు హింసలో, ముసలితనంలో, మెడకు ఇనుప పట్టెడ, కాళ్లకు బొండ వేసి హింసించినా విశ్వాసం వదల్లేదు. ఆ తల్లిని దేవుడికి అడ్డుపడిందని ఎవరూ నిందించలేదు. అయితే ఒకటి: ఆ అబ్బాయికి పదిహేడు, మీవాడికి ఇరవై ఆరు. బట్టలు దాచే వయసు దాటిపోయింది.

రెండోది, మీ పాస్టరు గారు చెప్పినట్టు దీవించి పంపేయడం. మనసారా చేయగలిగితే అందులో శాంతి ఉంది. కానీ మీకు మనసొప్పలేదని ఉత్తరమే చెబుతోంది, ఒప్పినట్టు నటిస్తే అబ్బాయికి తెలిసిపోతుంది. ఇంకో చిక్కుంది, దాని గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. వెళ్లే ఊళ్లో మనుషులున్నారు. వాళ్లు మీవాడి త్యాగానికి ప్రేక్షకులు కారు. థెస్సలొనీకలో పౌలును ఇంట్లో పెట్టుకున్నందుకు యాసోను అనే ఆయన్ని ఈడ్చుకెళ్లి జామీను కట్టించారు. పౌలు ఆ రాత్రే ఊరు దాటాడు, యాసోను అక్కడే ఉండాలి కదా. ఆ సంతలో ఎందుకు కొట్టారో అడిగారా? కరపత్రంలో వాళ్ల దేవుళ్ల గురించి ఏం రాసి ఉందో చూశారా? ఎఫెసులో పౌలు మీద ఊరంతా లేచినప్పుడు, వీళ్లు మన దేవతను దూషించినవాళ్లు కారని ఊరి కరణమే సాక్ష్యం చెప్పాడు. పరుల జోలికి పోవువాడుగా బాధపడకూడదని పేతురు మొదటి పత్రికలో ఉంది. ఒడిశాలో 1967 నుంచే బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడాన్ని నిషేధించే చట్టం ఉంది. 1977లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, మత ప్రచార హక్కులో ఎదుటివాణ్ణి మార్చే హక్కు చేరదని చెప్పింది. పౌలు రోమా చట్టం చదువుకున్నంతగానైనా అతను ఈ చట్టం చదువుకోవాలి.

హన్నా గురించి పాస్టరు గారికి ఒక మాట మర్యాదగా గుర్తు చేయండి. ఆమె సమూయేలును షిలోహులో, ఏలీ చేతిలో పెట్టింది. ఫలానా చోటు, ఫలానా పెద్ద. పైగా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. మీకు ఆ రెండూ ఇవ్వకుండా హన్నాలా ఉండమంటే ఎలా? ఆయన్ని ఇంకోటి కూడా అడగండి: కొన్నాళ్లపాటు అబ్బాయిని వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించొద్దని. ఈ పని ఆయన వల్లే అవుతుంది.

మూడో దారి నాకు నచ్చినది, కానీ దానికీ వెల ఉంది. వెళ్లొద్దు అనకుండా, ఒక ఏడాది ఆగి వెళ్లు అని అడగడం. పౌలును అంతియొకయ సంఘం ఉపవాసం ఉండి, చేతులుంచి పంపింది. తిరిగొచ్చాక జరిగిందంతా వాళ్లకు చెప్పుకున్నాడు. దమస్కు దారిలో యేసు దర్శనం అయిన మర్నాడే దేశాలు పట్టుకుని పోలేదు, మధ్యలో కొన్నేళ్లున్నాయి. అలాగే మీవాడూ ఏడాది ఉద్యోగంలో ఉండి ఒడియా నేర్చుకోవచ్చు, అప్పులో తన వంతు కొంత తీర్చొచ్చు, అక్కడ ఎప్పటి నుంచో బడో ఆసుపత్రో నడుపుతున్న సంఘం కింద పనిలో చేరొచ్చు. డేరాలు కుట్టి సంపాదించుకుంటూ సువార్త చెప్పిన మనిషి పేరు చెప్పుకుంటున్నవాడికి ఉద్యోగం నామోషీ కాకూడదు. ఆగుతాడా అంటే చెప్పలేను. నిజమైన పిలుపైతే ఏడాదికి ఆరిపోదు, ఆరిపోతే అదీ తెలిసినట్టే. వెల ఏమిటంటే, ఏడాది గడిచాక అతను వెళ్తానంటే మీరు మాట తప్పకూడదు. అది మీరు ఇప్పుడే నిర్ణయించుకోవాలి. వాయిదా వేస్తే మానేస్తాడులే అనే లెక్కతో అడిగితే పసిగడతాడు.

ఏదీ వినకుండా వచ్చే నెలలోనే వెళ్లాడనుకోండి. అప్పుడు అడగాల్సినవి కొన్నే. చెల్లి దగ్గర ఒక నంబరు. అక్కడ దగ్గర్లో ఉన్న చర్చి పేరు. బీమా ప్రీమియం మీరు కడితే అతను చేసేది ఒక సంతకం. ఫిలిప్పీ సంఘంవాళ్లు పౌలు దగ్గరికి పంపిన ఎపఫ్రొదితు జబ్బుచేసి చావు దాకా వెళ్లాడు. తన జబ్బు సంగతి ఇంటి దగ్గరవాళ్లకు తెలిసిందని అతనికి దిగులు. పౌలు, ధన్యుడివి, ఇక్కడే పో అనలేదు. దేవుడు అతన్ని కనికరించాడు, దుఃఖం మీద దుఃఖం రాకుండా నన్నూ కనికరించాడు అని రాసి, అతన్ని ఇంటికి పంపేశాడు. మీవాడూ మధ్యలో తిరిగొస్తే నేను చెప్పలేదా అనే మాట మీ నోట రాకూడదు. పౌలు వెంట ప్రయాణానికి వెళ్లిన మార్కు కూడా పెర్గే నుంచి యెరూషలేముకు, తల్లి ఊరికి తిరిగొచ్చేశాడు. పౌలుకు కోపమొచ్చి ఆ తర్వాతి ప్రయాణంలో తీసుకెళ్లనన్నాడు, తోటి సేవకుడు బర్నబాతో విడిపోయేంత గొడవైంది. చివర్లో మళ్లీ ఆ మార్కునే వెంటబెట్టుకుని రా, నాకు పనికొస్తాడు అని రాశాడు.

మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: కైసరయలో ఏడ్చినవాళ్లను పౌలు సాతానుతో పోల్చలేదు. నా గుండె బద్దలవుతోంది అన్నాడు, అంటే ఆ ఏడుపు ఆయన్ని తాకింది. మీరు ఏడవొచ్చు. రెండో ప్రశ్నకి: అతను పెద్దవాడు. వెళ్తే అది అతని నిర్ణయం, దాని ఫలితం మీరు చేసింది కాదు.

ఇంటి అప్పు సంగతి మాత్రం వీటన్నిటి నుంచీ విడదీయండి. వాయిదా ఒకటి తప్పకముందే, జీతం ఆగకముందే, ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి గడువు పెంచి నెల వాయిదా తగ్గించడానికి వీలుందేమో కనుక్కోండి. ఒక్కరి జీతం మీద ఎంత కట్టగలరో, మీ రిటైర్మెంటుకి ఎంత మిగులుతుందో కాగితం మీద వేయండి. అమ్మాయిని చూడటానికి వచ్చేవాళ్లకి అన్నయ్య ఉద్యోగం మానేశాడన్న సంగతి దాచకండి. అబ్బాయి వెళ్లినా ఉన్నా బ్యాంకు పని ఈ నెలలోనే చేయాల్సింది, అతని సంతకం కావాలి కాబట్టి అతను ఇంట్లో ఉన్నప్పుడే.